డాల్ఫిన్ సైనికులు: పుకారెంత, నిజమెంత

(హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో ఒక ఆదివారం సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. శ్రోతల ప్రశ్నలు, వాటికి జవాబులు చివర్లో ఉన్నాయి.)

అందరికీ నమస్కారమండీ.

సముద్రం లేని ఊళ్లో సముద్ర జంతువుల మీద ప్రసంగం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. నీటి అడుగున దూసుకెళ్లి ఓడలను పేల్చే టార్పెడోలను తయారుచేసే భారత్ డైనమిక్స్ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. సునామీ హెచ్చరికలు వెళ్లేది కూడా ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం నుంచే. నీటి అడుగున జరిగే సంగతులు హైదరాబాద్‌కు అంత పరాయివేం కావు.

పైగా పుకారు పుట్టడానికి సముద్రం అక్కర్లేదు, ఫోను చాలు. ముక్కుకు విషపు సూది కట్టిన డాల్ఫిన్లు తప్పించుకున్నాయని, ఓడల కిందికి బాంబులు మోసుకెళ్లే డాల్ఫిన్లు ఉన్నాయని ఏదో ఒక వీడియో తిరుగుతూనే ఉంటుంది. జంతువును గూఢచారి అనుకోవడం మనకు కొత్త కాదు. ముంబైలో ఒక పావురం కాళ్లకున్న రింగులు చూసి చైనా వాళ్లు పంపారేమోనని అనుమానించారు. ఎనిమిది నెలలు జంతువుల ఆసుపత్రిలో ఉంచి, 2024 జనవరిలో వదిలారు. తీరా చూస్తే అది తైవాన్‌లో పందేలకు ఎగిరే పావురం.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పు ఉంది. అమెరికా, సోవియట్ యూనియన్, ఆ తర్వాత రష్యా సముద్ర క్షీరదాలకు సైనిక శిక్షణ ఇచ్చిన మాట నిజం. కానీ రుజువులు దొరికిన పనులన్నీ ఒక్క కోవకే చెందుతాయి. వెతకడం, చూపించడం, పడిపోయినదాన్ని పైకి తీయించడం. చంపించడం ఆ జాబితాలో లేదు. ఎందుకు లేదన్నది జాలి దయల ప్రశ్న కాదు. ఆ పని డాల్ఫిన్‌తో నమ్మకంగా చేయించలేరు, అంతే. దాన్ని వివరంగా చూద్దాం.

మొదలు ఎక్కడంటే, 1936లో జేమ్స్ గ్రే అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక లెక్క వేశాడు. డాల్ఫిన్ కండరాలకున్న శక్తికీ అది ఈదే వేగానికీ పొంతన కుదరలేదు. చర్మంలో నీటి ఒరిపిడిని తగ్గించే రహస్యం ఏదో ఉందని అనుమానం మొదలైంది. అది దొరికితే టార్పెడోలకు వాడుకోవచ్చని అమెరికా నౌకాదళం 1960లో నాటీ అనే డాల్ఫిన్‌ను తెచ్చి పరీక్షించింది. ఆశించిన రహస్యం దొరకలేదు, గ్రే లెక్కలో వేసుకున్న అంచనాలే సరిగా లేవని తర్వాత తేలింది. అయితే కాలిఫోర్నియాలోని పాయింట్ మూగూలో పనిచేసినవాళ్లు ఇంకో సంగతి గమనించారు. డాల్ఫిన్‌ను బహిరంగ సముద్రంలోకి వదిలినా పిలిస్తే తిరిగి వస్తోంది. 1965లో లా హోయా తీరంలో, 62 మీటర్ల లోతున సీల్యాబ్-2 అనే నీటి అడుగు నివాసంలో మనుషులు ఉన్నప్పుడు, టఫీ అనే డాల్ఫిన్ పైనుంచి వాళ్లకు పనిముట్లు, ఉత్తరాలు చేరవేసింది. ఇదంతా ఆ రోజుల్లోనే పత్రికలకెక్కింది. గోప్యంగా ఉంచిన భాగం ఆ తర్వాతిది, దాని మీద ముసుగు 1990ల మొదట్లో తొలగింది. మధ్యలో దాదాపు ఇరవై ఏళ్లు అధికారికంగా నోరు మెదపలేదు. పుకార్లన్నీ బలిసింది ఆ మౌనంలోనే.

ఇప్పుడు అసలు విద్య గురించి. డాల్ఫిన్ ముక్కు రంధ్రం కిందున్న కణజాలాలను కొట్టుకునేలా చేసి టిక్ టిక్‌మని శబ్దాలు పుట్టిస్తుంది. నుదుటి మీద ఉబ్బెత్తుగా కనిపించే కొవ్వు ముద్ద ఆ శబ్దాన్ని టార్చిలైటు వెలుగులా ముందుకు గురిపెడుతుంది. తిరిగొచ్చిన ప్రతిధ్వనిని కింది దవడలోని కొవ్వు లోపలి చెవికి చేరుస్తుంది. ఒక్కో టిక్కు నిడివి సెకనులో లక్షో వంతు కంటే కొన్ని రెట్లు మాత్రమే ఎక్కువ. అందులో బలమైన భాగం 110 నుంచి 130 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది. హవాయిలోని కనియోహే అఖాతంలో విట్‌లో ఆవ్ అనే శాస్త్రవేత్త బృందం చేసిన పరీక్షల్లో, క్రికెట్ బంతి కంటే కాస్త పెద్దదైన, నీళ్లు నింపిన ఉక్కు గోళాన్ని 113 మీటర్ల దూరం నుంచి డాల్ఫిన్ పసిగట్టింది. అంటే శబ్దం వెళ్లి రావడానికి 0.15 సెకను. నాకు అంతకంటే అబ్బురం అనిపించేది ఇంకో పరీక్ష. చూడటానికి ఒకేలా ఉన్న బోలు లోహపు గొట్టాలు, గోడ మందంలో తేడా మిల్లీమీటరులో నాలుగో వంతు. ఎనిమిది మీటర్ల దూరం నుంచి ఆ తేడాను డాల్ఫిన్ చెప్పగలిగింది. గొట్టం పైగోడ నుంచి, లోపలి గోడ నుంచి, అవతలి వైపు నుంచి వచ్చే ప్రతిధ్వనుల మధ్య సందులను అది చదువుతుంది.

సముద్రపు అడుగున బురదలో సగం పూడిన మందుపాతర విషయంలో ఇదే అక్కరకొస్తుంది. పైనుంచి రాయి, టైరు, పాత లంగరు, మందుపాతర ఒకేలా కనిపించవచ్చు. లోపల బోలుగా ఉన్న లోహపు డొల్లకూ గట్టి రాయికీ ప్రతిధ్వని వేరు. ఓడరేవు ముఖద్వారాల్లో ఓడల ప్రొపెల్లర్ల చప్పుడు, అల పోటు, రొయ్యల చిటపటల మధ్య కూడా డాల్ఫిన్ దాన్ని విడదీస్తుంది.

పని ఎలా జరుగుతుందో ఒక్క విడత చూద్దాం. చిన్న రబ్బరు పడవ, ఇద్దరు ముగ్గురు మనుషులు, పక్కనే ఈదుతూ ఒక డాల్ఫిన్. వెతకాల్సిన ప్రాంతాన్ని ముందే గళ్లుగా విభజించుకుంటారు. పడవ గడిలోకి రాగానే శిక్షకుడు చేతితో సైగ చేస్తాడు. డాల్ఫిన్ మునిగి, తల అటూ ఇటూ తిప్పుతూ అడుగును గాలించి పైకొస్తుంది. ఏమీ లేకపోతే పడవ వెనకవైపున్న పలకను ముక్కుతో తాకుతుంది. ఉంటే ముందున్న పలకను తాకుతుంది. అవును, కాదు, ఆ రెండే జవాబులు. అవునంటే శిక్షకుడు ముక్కుకు తొడిగే ఒక పరికరం ఇస్తాడు. అందులో బరువు, తాడు, తేలే బుడగ ఉంటాయి. డాల్ఫిన్ దాన్ని వస్తువు దగ్గర వదిలి వచ్చేస్తుంది. మందుపాతరను ముట్టుకోదు, పేల్చదు. ఆ తర్వాతి పని గజ ఈతగాళ్లది. మందుపాతరలు ఓడ కదలికతో మారే నీటి ఒత్తిడికి, ఇనుముకు, ఇంజను శబ్దానికి పేలేలా చేసినవి కాబట్టి పక్కనుంచి ఈదిన డాల్ఫిన్ వల్ల పేలే అవకాశం చాలా తక్కువ. మొయినాబాద్‌లో మన పోలీసులు శిక్షణ ఇచ్చే జాగిలాలు పేలుడు పదార్థం వాసన తగిలితే మొరగకుండా, గీకకుండా కూర్చుంటాయి చూశారా, డాల్ఫిన్ కొలువు సరిగ్గా అదే.

ఇందులో ఎక్కడ తేడా కొడుతుందో కూడా చెప్పాలి. చేప అవునన్నందుకే పెడితే అది అన్నిటికీ అవునంటుంది. అందుకే సరైన కాదుకు కూడా అంతే చేప పెట్టాలి. శిక్షణలో నకిలీ మందుపాతర ఎక్కడ పెట్టారో శిక్షకుడికి తెలిస్తే, అతని భుజం కదలికను బట్టే డాల్ఫిన్ జవాబిచ్చేస్తుంది. పెట్టేవాడొకడు, పడవలో ఉండేవాడు ఇంకొకడు కావాలి. అన్నిటికంటే చిక్కు అసలు యుద్ధరంగంలోనే. అక్కడ డాల్ఫిన్ అవునంటే అది నిజమో కాదో ఆ క్షణాన ఎవరికీ తెలియదు, మరి బహుమతి ఇవ్వాలా వద్దా? మధ్యమధ్యలో తెలిసిన నకిలీలు ముంచి వెతికిస్తే తప్ప జంతువు చురుకు తగ్గిపోతుంది. జబ్బు చేసిన డాల్ఫిన్ ముందుగా తిండి మానేస్తుంది. కాబట్టి బకెట్లో మిగిలిన చేపల బరువు కూడా రోజూ రాసుకోవాల్సిన లెక్కే.

2003 మార్చిలో, ఇరాక్ యుద్ధంలో, ఉమ్ కసర్ రేవులో అమెరికా నౌకాదళం ఇదే చేసింది. బురద నీళ్లు, చెయ్యి చాపితే వేళ్లు కనపడవు, పోటుపాట్ల ఉరవడి. డాల్ఫిన్లు, ఈతగాళ్లు, యంత్రాలు కలిసి దారి శుభ్రం చేశాక సహాయ సామగ్రితో సర్ గలహాడ్ అనే ఓడ లోపలికొచ్చింది. ఆ రోజుల్లో టకోమా అనే డాల్ఫిన్ కనపడకపోతే 'సైన్యం నుంచి పారిపోయింది' అని ప్రపంచమంతా వార్తలు రాశారు. వాటి పని తీరు తెలిసినవాళ్లకు అందులో పెద్ద వింత లేదు. పనిచేసేటప్పుడు వాటికి సంకెళ్లు, వలలు ఉండవు, తిరిగి రావడమన్నది పూర్తిగా అలవాటు మీద నిలబడ్డ వ్యవస్థ. 2013లో శాన్ డియాగో దగ్గర సాధన చేస్తుండగా ఒక డాల్ఫిన్ ఎవరూ ముంచని చోట పదే పదే అవునంది. తీసి చూస్తే 19వ శతాబ్దపు హావెల్ టార్పెడో. 11 అడుగుల ఇత్తడి వస్తువు. అలాంటివి మొత్తం 50 మాత్రమే చేశారు.

డాల్ఫిన్లతో పాటు అమెరికా నౌకాదళం సీ లయన్లకూ, అంటే సీళ్లను పోలిన జంతువులకూ, శిక్షణ ఇస్తుంది. వీటికి ప్రతిధ్వని విద్య లేదు. వాటికి మసక నీటిలో చూపు, శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో పట్టే చెవి బలం. సాధన కోసం పేల్చిన క్షిపణులకు, టార్పెడోలకు శబ్దమిచ్చే పెట్టె కట్టి ఉంచుతారు. సీ లయన్ పళ్లతో పట్టిన పలకకు ఒక పట్టుకొక్కెం, దాని వెనక తాడు. అది మునిగి కొక్కెం తగిలించి వదిలేస్తే పైనుంచి చేదుకుంటారు. 1970 నవంబరులో 180 అడుగుల లోతు నుంచి ఒక జలాంతర్గామి విధ్వంసక క్షిపణిని ఇలాగే తీశారు.

ఇక విషపు సూది సంగతి. వియత్నాం యుద్ధంలో, 1970–71లో, కామ్ రాన్ అఖాతంలో అమెరికా నౌకాదళం ఐదు డాల్ఫిన్లను కాపలాకు పెట్టింది. ఈతగాళ్లు వచ్చి ఓడల కింద బాంబులు అమర్చకుండా చూడటం వాటి పని. అక్కడ డాల్ఫిన్ ముక్కుకు కార్బన్ డయాక్సైడ్ నింపిన సూది కట్టి శత్రువులను చంపించారని 1970ల్లో ఆరోపణలొచ్చాయి. నౌకాదళం ఖండించింది. ఆ కాలంలోనే ఈతగాళ్లు సొరచేపల నుంచి కాపాడుకోవడానికి అలాంటి గ్యాసు సూది నిజంగానే ఉండేది, దాంతో కథ నమ్మదగ్గట్టుగా తయారైంది. బయటపెట్టిన పద్ధతి వేరేగా ఉంది. డాల్ఫిన్ ఈతగాణ్ని కనిపెట్టి పడవకు చెబుతుంది. ముక్కుకు ఒక గుర్తు తొడిగి పంపుతారు. అది వెనకనుంచి వెళ్లి ఢీకొడితే గుర్తు ఊడి, మిణుకుమంటూ నీటిపైకి తేలుతుంది. డాల్ఫిన్ వెంటనే తప్పుకుంటుంది. సీ లయన్ అయితే ఈతగాడి కాలికి తాడున్న బిగింపు తగిలించి వచ్చేస్తుంది. పట్టుకునేది సాయుధులున్న పడవ.

చంపే పని ఎందుకు అప్పగించలేరో ఇప్పుడు ఆలోచించండి. నీళ్లలో ఇద్దరు ఈతగాళ్లు ఉంటే వాళ్లలో మనవాడెవరో డాల్ఫిన్‌కు తెలియదు. ఏళ్ల తరబడి మనిషి చేతి చేప తిని పెరిగిన జంతువు అది. గుర్తు తగిలించడంలో పొరబడితే మన ఈతగాడు కంగారు పడతాడు, అంతే. సూదితో పొరబడితే శవం తేలుతుంది. ఓడకు బాంబు కట్టించే కథ ఇంకా బలహీనం. బాంబు మోసిన డాల్ఫిన్ అలవాటు ప్రకారం సొంత పడవ దగ్గరికే తిరిగొస్తే ఏం చేస్తారు? ఏళ్లు పట్టి తయారుచేసిన జంతువును ఒక్కసారికి వాడి పారేసే లెక్క ఏ సైన్యానికీ గిట్టుబాటు కాదు, టార్పెడో అంతకంటే చవక.

సోవియట్ వైపు వద్దాం. 1960ల నుంచి క్రిమియాలోని సేవస్తొపోల్ దగ్గర కజాచ్యా అఖాతంలో వాళ్ల కేంద్రం నడిచింది. యూనియన్ కూలాక అది ఉక్రెయిన్ పాలైంది. జీతాల్లేవు, చేపలకు డబ్బు లేదు. 2000లో బోరిస్ జూరిద్ అనే శిక్షకుడు తన దగ్గరున్న 27 జంతువులను ఇరాన్‌కు అమ్మేశాడు. డాల్ఫిన్లు, వాల్రస్‌లు, సీ లయన్లు, సీళ్లు, బెలూగా అనే తెల్ల తిమింగలం ఒకటి. 'ఇరాన్‌కు ఆత్మాహుతి డాల్ఫిన్లు' అని శీర్షికలు పడ్డాయి. తిండి పెట్టలేకే అమ్మానని ఆయన చెప్పిన మాట కింద ఎక్కడో ఉండిపోయింది. 2014లో ఆ కేంద్రం రష్యా చేతికి వెళ్లింది. 2016లో రష్యా రక్షణ శాఖ ఐదు డాల్ఫిన్లు కావాలని 17.5 లక్షల రూబుళ్లకు బహిరంగంగా టెండరు పిలిచింది. 2018లో ఉక్రెయిన్ అధికారి ఒకరు పాత డాల్ఫిన్లు రష్యన్ల చేతి తిండి ముట్టక దేశభక్తితో చనిపోయాయని చెబితే అది కూడా ప్రపంచం చుట్టింది. జంతువుకు జెండా తెలియదండీ. సైగలు మారితే తికమక పడుతుంది, శిక్షకుడు మారితే బెంగపడుతుంది. అంతకుమించి మనం దాని నెత్తిన రుద్దకూడదు.

2022 ఫిబ్రవరిలో సేవస్తొపోల్ రేవు ముఖద్వారం దగ్గర డాల్ఫిన్ల తేలే పంజరాలు ఉపగ్రహ చిత్రాల్లో కనిపించాయి. ఈతగాళ్ల నుంచి కాపలా అన్నది అక్కడ సరిపోయే వివరణ. కానీ ఆ అక్టోబరులో ఆ రేవు మీదికి వచ్చింది ఈతగాళ్లు కాదు, మనిషి లేని పడవలు. వాటిని డాల్ఫిన్ ఆపలేదు.

2019 ఏప్రిల్‌లో నార్వే ఉత్తర కొసన దొరికిన బెలూగా గురించి మీరంతా వినే ఉంటారు. ఒంటికి పట్టీలు, కెమెరా బిగించే బిగింపు, దాని మీద 'ఎక్విప్‌మెంట్ సెయింట్ పీటర్స్‌బర్గ్' అన్న అక్షరాలు. పడవ దగ్గరికొచ్చి నోరు తెరిచేది. నీళ్లలో పడిన ఒకావిడ ఫోనును నోట కరచుకొచ్చి ఇచ్చింది. అంటే శిక్షణ పొందిన జంతువే, వస్తువు తెచ్చిచ్చే పని నేర్చినదే. హ్వాల్దిమిర్ అని పేరు పెట్టారు. దాన్ని 2013లో ఒఖోత్స్క్ సముద్రంలో పట్టారని, సైనిక స్థావరం కాపలాకు తయారుచేశారని రష్యాలో పనిచేసిన ఒక పరిశోధకురాలు 2024లో చెప్పారు. రష్యా ఎన్నడూ తనదని ఒప్పుకోలేదు. 2024 ఆగస్టు 31న స్టావంగర్ దగ్గర అది చనిపోయి తేలింది. కాల్చి చంపారని గోల మొదలైంది. శవపరీక్షలో తూటా కనపడలేదు. నోట్లో 35 సెంటీమీటర్ల కర్ర ఇరుక్కుంది, బ్యాక్టీరియా సోకింది. మనుషుల చేతి తిండికి అలవాటుపడి గుంపు లేకుండా రేవుల్లో ఐదేళ్లు తిరిగింది ఆ జీవి. తూటా కథ కంటే ఈ నిజమే నన్ను ఎక్కువ కలచివేస్తుంది.

పుకార్ల సందడిలో మరుగున పడేది ఇంకా పెద్దది. సైన్యాల వల్ల సముద్ర క్షీరదాలకు కలిగిన అసలు హాని శిక్షణ పొందిన ఆ కొద్ది జంతువులకు జరిగింది కాదు, సోనార్ వల్ల జరిగింది. సోనార్ అంటే జలాంతర్గాములను ప్రతిధ్వనితో పట్టడానికి ఓడలు నీటిలోకి వదిలే శబ్దం. 2000 మార్చిలో బహామాస్‌లో 17 జంతువులు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, ఎక్కువ భాగం ముక్కు తిమింగలాలు, అంటే పొడుచుకొచ్చిన మూతి ఉన్న బీక్డ్ వేల్స్. తమ సోనారే కారణమని అమెరికా నౌకాదళం తర్వాత ఒప్పుకుంది. 2002 సెప్టెంబరులో కానరీ దీవుల దగ్గర నాటో విన్యాసాలు మొదలైన నాలుగు గంటలకు 14 ముక్కు తిమింగలాలు ఒడ్డున పడ్డాయి. కోసి చూస్తే రక్తనాళాల్లో, అవయవాల్లో వాయు బుడగలు. ఇవి మూడు కిలోమీటర్ల దాకా మునిగే జంతువులు. ఆ శబ్దానికి బెదిరి మునిగే, తేలే క్రమం తప్పితే లోతు నుంచి మరీ వేగంగా పైకొచ్చిన గజ ఈతగాడికి రక్తంలో బుడగలతో వచ్చే జబ్బే వీటికీ వస్తుంది. స్పెయిన్ 2004లో ఆ దీవుల చుట్టూ సోనార్ నిషేధించింది. ఆ తర్వాత అక్కడ అలాంటి సామూహిక మరణాలు జరగలేదు. పరిష్కారం ఇంత సూటిగా ఉన్న సమస్య మీద ఎవరూ వీడియోలు పంపుకోరు.

ప్రశ్న: తమిళనాడు తీరంలో తిమింగలాలు గుంపుగా చచ్చిపోయింది కూడా జలాంతర్గాముల వల్లేనా సార్?

మీరంటున్నది 2016 జనవరి, తూత్తుకుడి దగ్గర మణపాడు. ఎనభైకి పైగా పైలట్ తిమింగలాలు. 1973లో అదే తీరంలో 147 కొట్టుకొచ్చాయి. పైలట్ తిమింగలాలు గుంపును విడవవు. ఒకటి లోతు తక్కువ నీళ్లలో చిక్కితే మిగతావి దాని వెనకే వస్తాయి. సోనార్ అని తేల్చాలంటే మూడు కుదరాలి. ఆ గంటల్లో ఆ చుట్టుపక్కల విన్యాసాలు జరిగి ఉండాలి, శవాలను కుళ్లకముందే కోసి చూడాలి, బుడగలూ చెవుల దగ్గర రక్తస్రావమూ కనిపించాలి. మన ఎండకు ఒక్క రోజు ఆలస్యమైతే కుళ్లిన వాయువు కూడా బుడగల్లాగే ఉంటుంది. ఒడ్డున పడ్డ ప్రతి తిమింగలాన్నీ సోనార్ ఖాతాలో వేస్తే నిజమైన కేసులు కూడా బలం కోల్పోతాయి.

ప్రశ్న: డ్రోన్లు వచ్చాక డాల్ఫిన్ల అవసరం ఉంటుందా?

2012లోనే అమెరికా నౌకాదళం వాటి పనిలో కొంత యంత్రాలకు అప్పగిస్తామంది. శుభ్రమైన ఇసుక అడుగున యంత్రం బాగానే వెతుకుతుంది. బురదలో పూడినవాటి దగ్గర, చెత్త నిండిన రేవుల్లో తడబడుతుంది. అందుకే కార్యక్రమం ఇంకా నడుస్తోంది. యంత్రాలు త్వరగా ఎదగాలనే నా కోరిక, ఎందుకంటే పంజరంలో పుట్టి పెరిగే ఆ జీవితం వాటికి తగినది కాదు. మన దేశం 2013లో డాల్ఫిన్ల ప్రదర్శనశాలలకు అనుమతి లేదని చెప్పింది. అది సరైన పని.

ప్రశ్న: బాపట్ల సూర్యలంకకో, విశాఖకో వెళ్లినప్పుడు ఒడ్డున బతికున్న డాల్ఫిన్ కనిపిస్తే ఏం చేయాలి?

ముందు అటవీ శాఖకు చెప్పండి, నంబరు తెలియకపోతే 112. ఈలోపు దాన్ని బొర్లా ఉంచండి, పక్కకు ఒరగనివ్వకండి. తోకనో రెక్కలనో పట్టి లాగితే కీళ్లు ఊడతాయి. రెక్కల కింద ఇసుక తవ్వి గుంట చేస్తే వాటి మీద బరువు పడదు. తడి గుడ్డలు కప్పండి, కానీ నెత్తి మీదున్న ముక్కు రంధ్రం మీద కాదు. అందులోకి నీళ్లు, ఇసుక పోనివ్వకండి. నీడ పట్టండి. తోక వైపు నిలబడకండి. దాని ఊపిరి మీ ముఖానికి తగలకుండా చూసుకోండి, జబ్బులు అంటవచ్చు. జనాన్ని, కుక్కలను, సెల్ఫీలను దూరం పెట్టండి. ఎవరైనా వచ్చేదాకా ఆగకుండా నీళ్లలోకి తోసేస్తే చాలాసార్లు ఇంకో చోట మళ్లీ ఒడ్డుకే వస్తుంది. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి రాసుకోండి, పశువైద్యుడు వచ్చీరాగానే అడిగేది అదే. ఒంటికి ఏ పట్టీనో, ట్యాగో ఉంటే కోయకండి. నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి అటవీ సిబ్బందికి ఇవ్వండి. గ్రూపులో పెట్టకండి.